చోటు తప్పిన కణం

సూళ్లూరుపేట, గుమ్మిడిపూండి వైపు నుంచి రైలులో చెన్నైకి వచ్చేవారు ఎన్నూరుకు ముందు ఒక వంతెన దాటుతారు. చిత్తూరు వైపు కుశస్థలి అని పిలుచుకునే నదే ఇక్కడ కొసస్థలైయారు అనే పేరుతో సముద్రంలో కలుస్తుంది. ఈ ఉప్పుటేటిలో కొన్నేళ్లుగా ఒక కొత్తరకం ఆల్చిప్ప వ్యాపించింది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఓడలు బరువు కోసం నింపుకొచ్చే నీటితో పాటు వచ్చి ఉంటుందని అంచనా. ఇక్కడి జాలర్లు దాన్ని కాక్కా ఆళి అంటారు. పీచులాంటి దారాలతో అడుగును పట్టుకుని చాపలా అల్లుకుపోతుంది. రొయ్యలకు చోటు మిగలదు, పాత గుల్లలు దాని కింద కప్పడిపోతాయి.

దీని పిల్లలు నీటిలో కొట్టుకుపోయి, ఎక్కడ తగులుకుంటే అక్కడ కాపురం పెట్టగలవు. మన ఒంట్లో అవయవాలను కట్టే మామూలు కణానికి అలాంటి స్వేచ్ఛ లేదు. పుట్టిన చోటు నుంచి ఊడిపోతే అది చనిపోవాలి. ఆ నియమం ఎక్కడ తప్పుతుందో క్యాన్సర్ అక్కడ ప్రాణాంతకమవుతుంది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

నోటి లోపల, ప్రేగు లోపల, రొమ్ములోని పాలనాళాల లోపల పరిచినట్టు ఉండే కణాలను బడిలో ఉపకళ అని చెబుతాం. ఈ కణాల కింద పలుచని ఆధార పొర ఒకటి ఉంటుంది. కణం తన ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లతో, చేతులతో పట్టుకున్నట్టు, ఆ పొరను పట్టుకుని ఉంటుంది. పట్టు ఉన్నంతసేపూ 'బతుకు' అనే కబురు లోపలికి అందుతూనే ఉంటుంది. పట్టు జారిందా, కబురు ఆగిపోతుంది. అప్పుడు కణంలోని మైటోకాండ్రియా పొరకు చిల్లులు పడి, కాస్పేజులనే ఎంజైములు మేలుకుంటాయి. కత్తెర పట్టినట్టు కణాన్ని లోపలి నుంచే ముక్కలు చేస్తాయి. పక్క కణాలు ఆ ముక్కలను తినేస్తాయి. వాపు లేదు, చీము లేదు.

1994లో అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టీవెన్ ఫ్రిష్, హంటర్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు ఈ చావుకు అనోయికిస్ అని పేరు పెట్టారు. గ్రీకు మాటల నుంచి చేసుకున్న పేరు. ఇల్లు లేకపోవడం అని అర్థం. కుక్క మూత్రపిండపు కణాలను వారు ఏ ఆధారానికీ అతుక్కోకుండా ఉంచి చూస్తే అవి చనిపోయాయి. క్యాన్సర్‌ను కలిగించే జన్యువును చేర్చిన కణాలు మాత్రం ఇల్లు లేకపోయినా బతికాయి. ఆ ప్రయోగంలో అసలు విశేషం అదేనని నా అభిప్రాయం.

మరి రక్తకణాలు ఎక్కడా అతుక్కోవు కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. నిజమే, వాటి జీవితమే ప్రవాహం, వాటి నియమాలు వేరు. రక్త క్యాన్సర్ కూడా అందుకే వేరే దారిలో నడుస్తుంది. ఆ జబ్బుకు 1948లో మొదటిసారి కొంత ఊరటనిచ్చిన అమినోప్టెరిన్ అనే మందు, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచే వచ్చింది.

ఇక పాలనాళం సంగతి. ఆ నాళం మధ్యలో బోలుగా ఉండాలి. నడిమి కణాలకు ఆధార పొర అందదు కనుక అవి చనిపోతాయి, బోలు నిలుస్తుంది. ఈ చావు తప్పినప్పుడు నాళం కణాలతో పూడుకుపోతుంది. రొమ్ము క్యాన్సర్ తొలి దశల్లో ఇది ఒకటి. కణాలు ఇంకా గోడ దాటలేదు. ఆ దశలో పట్టుకుంటే వైద్యం చాలావరకు నయం చేస్తుంది. గోడ దాటి రక్తంలో పడ్డాక లెక్క మారుతుంది. క్యాన్సర్ మరణాల్లో ఎక్కువ భాగం మొదటి గడ్డ వల్ల కాదు, ఇలా పాకడం వల్లనే.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది: "సూది గుచ్చితే, కత్తి పెడితే అది పాకిపోతుంది, ముట్టుకోవద్దు." ముక్క పరీక్షకు భయపడి నెలల తరబడి ఆగిపోయేవారు ఎన్నూరులోనూ ఉన్నారు, తడలోనూ ఉన్నారు. పాకడం అంత తేలిక కాదు. 1970లో ఐజయా ఫిడ్లర్ గుర్తు పెట్టిన క్యాన్సర్ కణాలను ఎలుకల రక్తంలోకి ఎక్కించి చూశారు. ఒక రోజు గడిచేసరికి వెయ్యింటికి ఒకటి కూడా మిగల్లేదు. ఊడిన కణాన్ని చంపే ఏర్పాట్లు ఒంట్లో అనేకం, అనోయికిస్ వాటిలో ఒకటి. కొద్ది రకాల గడ్డల్లో సూది వల్ల ప్రమాదం ఉందని వైద్యులకు తెలుసు, అక్కడ వారు వేరే పద్ధతి పాటిస్తారు. మిగిలినవారికి అసలు ప్రమాదం సూది కాదు, ఆలస్యం. గడ్డను అలాగే ఉంచితే, కణాలు రోజూ ఊడుతూ, ఏదో ఒకటి బతకడం నేర్చే అవకాశం పెరుగుతుంది. గుంపుగా ఒకదాన్నొకటి పట్టుకుని ప్రయాణించే కణాలు ఒంటరి కణాలకంటే ఎక్కువగా నిలదొక్కుకుంటాయని కూడా ఈమధ్య తెలిసింది.

చెన్నై మహిళల్లో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్నది రొమ్ము క్యాన్సరే. అమ్మలారా, నొప్పి లేని గడ్డను నొప్పి లేదు కదా అని వదిలేయకండి. పొగాకు, ఖైనీ నమిలే అన్నలు నోట్లో మూడు వారాలైనా మానని పుండును, తెల్ల మచ్చను చూపించుకోవాలి. చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి పట్టుదలతో 1954లో పన్నెండు పడకలతో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఈ నగరంలోనే ఉంది. వెళ్లేటప్పుడు పాత చీటీలు, పరీక్షల కాగితాలు అన్నీ వెంట తీసుకెళ్లండి.