గొలుసుకు ఈ కొసన ఉన్న మనిషి

ఎప్పుడూ గొలుసుకు కట్టేసి గానీ, ఇరుకు చోట మూసిపెట్టి గానీ ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోయినా, తిప్పించకపోయినా మన దేశంలో అది నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై వరకు. అప్పట్లో అది లెక్కలోకి వచ్చే డబ్బే. ఇప్పుడు ఇద్దరు టీ తాగితే సరిపోతుంది కనుక ఈ సెక్షన్‌కు జడిసేవాళ్లు లేరు. యజమానికి తీరిక లేకపోతే వేరొకరిచేత తిప్పించినా చట్టం ఒప్పుకుంటుంది. ఆ వేరొకరే డాగ్ వాకర్.

దీన్ని బతుకుతెరువుగా మలచినవారిలో మొదటివాడిగా న్యూయార్క్‌కు చెందిన జిమ్ బక్ పేరు చెబుతారు. 1960లలో మన్‌హాటన్ వీధుల్లో ఒకేసారి ఐదారు కుక్కలను పట్టుకుని నడిచిన ఆయన 2013లో చనిపోయాడు. మన దగ్గర ఈ పని అపార్ట్‌మెంట్ల వెంట వచ్చింది. పెరడున్న ఇంట్లో కుక్క తన తిరుగుడు తానే తిరిగేది. పదో అంతస్తు ఫ్లాట్‌లో దానికి లిఫ్ట్ ఎక్కించే మనిషి కావాలి. హైదరాబాద్ పడమటి వైపు ఐటీ ఉద్యోగుల ఇళ్లలో ఈ అవసరం కనిపించింది. 2018లో కొండాపూర్‌లో సుమారు 1.3 ఎకరాల్లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచారు.

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్‌కు ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న సీపత్ వంటి చోట పరిస్థితి వేరు. 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, దాని ఉద్యోగుల కోసం కట్టిన ఉజ్వల్ నగర్ టౌన్‌షిప్, అటు బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరాలుగా కాపురముంటున్న రైల్వే కాలనీలు: ఇలాంటి క్వార్టర్ల బతుకులో కుక్కను తిప్పే పని ఎక్కువగా ఇంట్లో పిల్లలదో, పనివాళ్లదో అవుతుంది. దానికి విడిగా జీతం, పేరు ఉండవు. పని మాత్రం అదే.

వాకర్ రోజు రెండు ముక్కలు. తెల్లవారకముందు మొదలై ఎండెక్కేలోపు ఒకటి, పొద్దు వాలాక రెండోది. మధ్యాహ్నమంతా ఖాళీ. ఒక్కో ఇంటికి అరగంటో గంటో లెక్క. నెలకింత అని మాట్లాడుకుంటారు. గొలుసు తగిలించే ముందు మెడపట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూడాలి. దూరకపోతే బిగుతు, మూడో వేలూ దూరితే వదులు. వదులు పట్టీ మామూలు రోజుల్లో తెలియదు. దీపావళి వారంలో ఎక్కడో ఒక టపాకాయ పేలితే కుక్క ఒక్క గుంజు గుంజి తల బయటికి లాక్కుంటుంది, ఖాళీ పట్టీ వాకర్ చేతిలో మిగులుతుంది.

కొత్తవాళ్లు చేసే పొరపాటు నడకను కాళ్ల పని అనుకోవడం. కుక్కకు అది ముక్కు పని. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు అరవై లక్షలయితే, కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైనే. కరెంటు స్తంభం మొదట్లో నిన్న ఎవరు మూత్రం పోశారో, ఆడదో మగదో, వచ్చింది కొత్తదో తెలిసినదో అది ఆగి తెలుసుకుంటుంది. అలా ఆగినప్పుడల్లా గొలుసు గుంజి నడిపిస్తే రెండు కిలోమీటర్లు తిరిగొచ్చినా కుక్క ఇంట్లో చెప్పులు కొరుకుతూనే ఉంటుంది. నెమ్మదిగా ఒక్క వీధి తిరిగొచ్చిన కుక్క నీళ్లు తాగి పడుకుంటుంది. టైమ్ చూసి డబ్బిచ్చే యజమానికి ఈ తేడా చెప్పి ఒప్పించడం వాకర్‌కు ఒక పెద్ద తలనొప్పి. ఎంత దూరం నడిచారో ఫోన్‌లో చూపించమనేవాళ్లకు అసలే అర్థం కాదు.

బిలాస్‌పూర్ ప్రాంతంలో మే నెల ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటే రోజులుంటాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దాని చల్లదనం. తారు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదానికీ అది పనికిరాదు. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులను ఎండాకాలంలో పెందలాడే ఇంటికి చేర్చాలి, వడదెబ్బ వాటికి త్వరగా తగులుతుంది. వానాకాలంలో కాలివేళ్ల సందులు తుడవడం, చెవుల వెనక గోమార్లు వెతకడం నడకలో భాగమే. గోమార్ల వల్ల వచ్చే జ్వరం కుక్కను చంపగలదు.

అన్నిటికన్నా జాగ్రత్త వీధి కుక్కల దగ్గర. ప్రతి గుంపుకూ ఒక హద్దు ఉంటుంది. అది దాటగానే అరుపులు ఆగిపోతాయి. పాత వాకర్‌కు ఆ హద్దులు కంఠతా వచ్చు. పరుగెత్తకుండా, తన కుక్కను పక్కకు దగ్గరగా ఉంచుకుని, అదే వేగంతో నడిచిపోతాడు. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవడం మంచిది. వాకర్ చేతిలోని కుక్క ఎవరినైనా గాయపరిస్తే బాధ్యత అతని మీదికీ రావచ్చు. జంతువు వల్ల ప్రమాదం రాకుండా చూడని నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు ఉంది.

కుక్కతో నడవడాన్నే పూర్తికాలపు ఉద్యోగంగా, పింఛనుతో సహా చూడాలంటే యూనిఫాం వాళ్ల దగ్గరికి వెళ్లాలి. రైల్వే రక్షణ దళానికీ, సీఐఎస్ఎఫ్‌కూ శునక దళాలున్నాయి. బిలాస్‌పూర్ స్టేషన్‌లో 802 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది, దేశంలోని పొడవైన వాటిలో ఒకటి. అంత పొడవునా ప్రయాణికుల సామాన్ల మధ్య కుక్కను నడిపించడం హ్యాండ్లర్ నైపుణ్యం. తెలంగాణ పోలీసుల మొయినాబాద్ శిక్షణ కేంద్రంలో కుక్క, హ్యాండ్లర్ కలిసే ఎనిమిది నెలలు నేర్చుకుంటారు. కుక్క తోక ఎప్పుడు బిగుసుకుంది, ఊపిరి ఎప్పుడు మారింది అన్నది చూడగలిగితేనే ఆ ముక్కు వల్ల లాభం.

ఇంటింటికీ తిరిగే వాకర్‌కు అలాంటి భద్రత లేదు. యజమాని ఊరెళ్తే ఆ రోజుల డబ్బు రాదు. కుక్క ముసలిదై చనిపోతే ఆ ఇల్లే పోతుంది. అయినా చాలామంది మానరు. రోజూ నడక వల్ల ఒళ్లు తేలికగా ఉంటుంది, పై అధికారి ఉండడు, మెట్ల మీద అడుగుల చప్పుడుకే తలుపు గీరే ప్రాణి ఒకటి ఉంటుంది. ఇంటి తాళం చేతికిచ్చేంత నమ్మకం సంపాదించినవాళ్లకు స్నానాలు చేయించడం, శిక్షణ ఇవ్వడం వంటి ఎక్కువ డబ్బొచ్చే పనులూ దొరుకుతాయి. మానేయాల్సి వస్తే మంచి వాకర్ హఠాత్తుగా మాయం కాడు. కొత్త మనిషిని కొన్నాళ్లు వెంట తిప్పుకుంటాడు. మొదట గొలుసు తన చేతిలోనే ఉంచుకుని, తర్వాత అతనికిచ్చి పక్కన నడిచి, ఏ మూల ఏ గుంపు ఉంటుందో చూపించి, ఆపైన రావడం మానేస్తాడు.