366వ రోజు చిక్కు

మైక్రోసాఫ్ట్ వాళ్లు 2006 చివర్లో ‘జూన్’ అనే మ్యూజిక్ ప్లేయర్ తెచ్చారు. పేరుకు జూన్, దానికి గండం వచ్చింది మాత్రం డిసెంబరులో. 2008 డిసెంబరు 31న 30 జీబీ మోడల్ ఉన్నవాళ్లు పాటలు విందామని ఆన్ చేస్తే, తెర మీద జూన్ గుర్తు వచ్చి అలాగే ఉండిపోయింది. మీట నొక్కితే పలకదు. ఒకరిద్దరివి కాదు, ఊరూరా అదే వరస. కంపెనీ చెప్పిన చికిత్స వింటే నవ్వొస్తుంది: బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి, గ్రీనిచ్ కాలమానం ప్రకారం జనవరి 1 మధ్యాహ్నం దాటాక ఛార్జి పెట్టి ఆన్ చేయండి, అంతే. అలా చేస్తే నిజంగానే పనిచేసింది.

కారణం పట్టుమని ఇరవై వరసలు లేని ఒక లూపు. ఆ యంత్రంలోని గడియారం తేదీని 1980 జనవరి 1 మొదలు ఎన్నో రోజు అనే లెక్కగా దాచుకుంటుంది. ఆ లెక్కన 2008 డిసెంబరు 31 అంటే 10593వ రోజు. అది ఏ సంవత్సరమో తేల్చడానికి లూపుకిచ్చిన ఆదేశం ఇది: రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతసేపూ తిరుగు. మామూలు సంవత్సరమైతే 365 తీసేసి, సంవత్సరానికి ఒకటి కలుపు. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువున్నాయేమో చూడు. ఉంటే 366 తీసేసి, సంవత్సరానికి ఒకటి కలుపు.

చదివితే తప్పేమీ కనిపించదు. నడిపి చూడాలి. 1980 నుంచి 2007 దాకా 28 ఏళ్ల రోజులు తీసేశాక చేతిలో మిగిలేది సరిగ్గా 366. అది 365 కంటే ఎక్కువే కాబట్టి లూపు లోపలికి రమ్మంది. 2008 లీపు సంవత్సరమే. మరి 366 కంటే ఎక్కువా? కాదు, సమానం. అప్పుడేం చేయాలో ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ఏమీ చేయకుండా మొదటికి వెళ్లింది. మళ్లీ 366, మళ్లీ లోపలికి. గానుగెద్దుకైనా పొద్దుగూకాక కాడి దింపుతారు. దీనికి ఆ భాగ్యమూ లేదు.

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు ఇలాంటప్పుడు ‘హ్యాంగ్ అయిపోయింది’ అంటారు. కంప్యూటర్ మీద అదొక అపనింద. ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంటుంది. లోపల ఫ్యాను హోరెత్తుతుంటుంది. అది మన మాట పొల్లుపోకుండా పాటిస్తోంది. కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కి దాన్ని ఆపాక వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: లూపు ఆగాలంటే ఏది మారాలి, ప్రతి చుట్టులోనూ అది మారుతోందా? ‘ప్రతి’ అన్నమాటే కీలకం. జూన్ కోడులో రెండు దారుల్లో రోజులు తగ్గాయి. మూడో దారి ఒకటుందని రాసినవాళ్లకు తట్టలేదు.

మొదటి నెలలో చేసే తప్పులు చాలావరకు ఈ జాతివే. పైథాన్‌లో ‘ఐ’కి ఒకటి కలిపే వరస నాలుగు ఖాళీలు ఎడమకు జరిగితే చాలు, అది లూపు బయటపడుతుంది, ఐ ఎప్పటికీ సున్నాయే. సి భాషలో ‘వైల్’ షరతు పక్కన అలవాటుగా సెమీకోలన్ పడిందా, లూపు ఒళ్లంతా ఆ ఒక్క చుక్కే. కింద ఎంత చక్కగా రాసినా అక్కడిదాకా రాదు. పేజీ అంతా గాలిస్తాం గానీ ఆ చుక్క మీద కన్ను నిలవదు. ఇంకోటి, అంకె అడిగిన చోట ఎవరో అక్షరం కొట్టడం. ‘స్కాన్ఎఫ్’కు కావలసింది అంకె గనక అక్షరాన్ని ముట్టుకోదు, అవతల పారేయదు కూడా. తప్పు, మళ్లీ ఇవ్వండి అని తెరనిండా వరసలు పరిగెడుతుంటాయి. వాడినవాడు రెండోసారి మీటే నొక్కలేదు; లోపల ఉన్నది అదే పాత అక్షరం. దాన్ని చదివి పారేసే వరస మనం రాస్తే తప్ప కదలదు.

మారుతూ ఉండి కూడా ఆగని లూపులు ఇంతకంటే గడుసువి. ఎక్స్ సున్నాతో మొదలు, చుట్టుకు 0.1 కలుపు, 1 కానంతసేపూ తిరుగు. పది చుట్లకు ఆగాలి కదా? ఆగదు. మనకు మూడో వంతు దశాంశాల్లో ఎలా తెగదో, ద్విసంఖ్యామానంలో పదో వంతు అలా తెగదు. పదిసార్లు కలిపితే వచ్చేది 0.9999999999999999, తరవాతి చుట్టులో 1 దాటిపోతుంది. దిగాల్సిన స్టాపు కిటికీలోంచి వెళ్లిపోయినట్టే. ‘1 కంటే తక్కువున్నంతసేపూ’ అని మారిస్తే ఆగుతుంది, కానీ ఒక చుట్టు ఎక్కువ తిరిగి. చుట్లను పూర్ణాంకాలతో లెక్కపెట్టి, కావలసిన చోట పదితో భాగించడమే సరైన వైద్యం.

రుణసంఖ్యలు ఎరగని ‘అన్‌సైన్డ్’ రకంలో వెనక్కి లెక్కపెట్టేవాళ్లది ఇంకో కథ. సున్నా కంటే తగ్గనంతసేపూ తిరుగు అంటారు. అది ఎప్పటికీ తగ్గదు. సున్నాలోంచి ఒకటి తీస్తే 32 బిట్లలో వచ్చేది 4294967295. అంతా తొమ్మిదులైన స్కూటర్ మీటరు సున్నాలకు తిరగడం చూసినవాళ్లు దాన్ని తలకిందులుగా ఊహించుకోవచ్చు.

వీటిని పట్టుకోవడానికి నేను నమ్మేది కాగితం, పెన్సిలు. చుట్టుకో వరస, వేరియబుల్‌కో గడి. రెండు వరసలు అచ్చం ఒకేలా వచ్చాయంటే దొంగ దొరికినట్టే. అంత ఓపిక లేకపోతే లూపు లోపల ఒక ప్రింట్ వరస పెట్టి చూడండి. వెయ్యి చుట్లు దాటితే బయటికొచ్చే తాత్కాలిక కాపలా కూడా మంచిదే. కాకపోతే ఆ కాపలానే మందనుకుని వదిలేసేవాళ్లున్నారు. జబ్బు లోపలే ఉంటుంది.

ఇదంతా కంప్యూటరే చూసి ముందుగా చెప్పకూడదా? ఏ ప్రోగ్రామునిచ్చినా ఆగుతుందో లేదో తేల్చే పద్ధతి ఉండనే ఉండదని అలన్ ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు. ఆగుతుందో లేదో తేలకపోవడానికి పెద్ద ప్రోగ్రామే అక్కర్లేదు. సంఖ్య సరి అయితే సగం చెయ్, బేసి అయితే మూడుతో హెచ్చించి ఒకటి కలుపు, 1 వచ్చాక ఆపు. 27తో మొదలుపెడితే 9232 దాకా ఎగిసి 111 అడుగులకు దిగుతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఈ లూపు ఆగుతుందని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేకపోయారు. దీనికి కొలాట్జ్ సమస్య అని పేరు.

మరి జూన్‌ను ఒక రాత్రి వదిలేస్తే ఎలా బాగుపడింది? ఎవరూ ఏదీ సరిచేయలేదు. తెల్లారింది, రోజు 10594 అయింది. 28 ఏళ్లు తీసేస్తే 367. అది 366 కంటే ఎక్కువే కాబట్టి 366 తీసేసింది, 1 మిగిలింది, సంవత్సరం 2009 అయింది, లూపు ఆగింది. ఆ తప్పు మాత్రం మళ్లీ నాలుగేళ్లకొచ్చే డిసెంబరు 31 కోసం అక్కడే కూర్చుంది.