కర్బన సేద్యము – కౌలు రైతు

ఖరిదాలోని తెలుగు కుటుంబాలలో పెక్కింటికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెలతో రాకపోకలు నేటికీ ఉన్నవి. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు, కౌలు సేద్యం చేసే మా బావమరిది అడిగినాడు: "బావా, భూమిలో బొగ్గు దాస్తే కంపెనీలు డబ్బులిస్తాయంట, నిజమేనేటి?"

బొగ్గు కాదు, కర్బనం. మొక్కలు గాలి నుండి గ్రహించిన కార్బన్ డయాక్సైడులో కొంత భాగం వేళ్ల ద్వారా, కుళ్లిన ఆకుల ద్వారా నేలలో కర్బనంగా నిలుచును. ఒక టన్ను కర్బనం సుమారు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానం. లెక్క తేలికే గాని కొలత కష్టం. ఒకే మడిలో గట్టు వద్ద ఒక అంకె, నడుమ మరొక అంకె వచ్చును. మార్పు తేలుటకు ఏళ్లు పట్టును.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016లో ఆరంభించిన ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచుదురు. దిగుబడి తగ్గునన్న భయాన్ని పోగొట్టుటకు అక్కడ ఉపన్యాసాలకన్న అనుభవజ్ఞులైన తోటి రైతులు, మహిళా సంఘాలే ఎక్కువ ఉపయోగపడినవి. ఈ కార్యక్రమానికి లభించిన 2024 గుల్బెంకియన్ బహుమతిని పంచుకొన్నవారిలో నేల కర్బన శాస్త్రవేత్త రతన్ లాల్ గారు ఒకరు.

మా బావమరిది చిక్కు వేరు. రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందానికే వీలిచ్చినది. దానికీ యజమాని సంతకం కావలసివచ్చినది. కర్బనమో, ఏళ్ల తరబడి చేరవలసినది. పెంచునది ఒకరు, పట్టా మరొకరిది. కనుక చెల్లింపు పట్టాకు గాక, చేసిన పనికి ఏటికాయేడు సాగుదారుకే అందవలెనని నా అభిప్రాయం.

ఈ తొలకరికి అతడు తన సొంత అర ఎకరంలో నవధాన్యాలు చల్లినాడు. కౌలు చేనులో చల్లలేదు.