కోడిగుడ్లూ కరెంటు తీగలూ
కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. గోడలు దాన్ని ఆపలేవు. ఈ మాట విని, కడుపులోని బిడ్డకు హాని జరుగుతుందేమోనని తల్లి బెంగపడితే తప్పు పట్టలేం. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పని ఒకప్పుడు కోడిగుడ్లతో సాగింది.

1982లో మాడ్రిడ్‌లో శాస్త్రవేత్త హోసే డెల్గాడో బృందం పొదుగుతున్న గుడ్లను తొలి 48 గంటలు బలహీనమైన క్షేత్రంలో ఉంచింది. కోడిపిల్లకు మెదడు, వెన్నుపాము రూపు కట్టేదీ, గుండె కొట్టుకోవడం మొదలయ్యేదీ ఆ వ్యవధిలోనే. కొన్ని పిండాలు సరిగా ఎదగలేదని వారు ప్రకటించారు. వాడిన క్షేత్రాల్లో ఒకటి 1.2 మైక్రోటెస్లా (క్షేత్ర బలానికి కొలమానం) మాత్రమే. భూమి క్షేత్రమే 25 నుంచి 65 మైక్రోటెస్లా! అయితే భూమిది దాదాపు నిలకడగా ఉంటుంది, ప్రయోగంలో వాడినది క్షణక్షణం మారుతుంది. మారే క్షేత్రం శరీరంలో సన్నని విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది. అనుమానమంతా వాటిమీదే.

ఇతరులు అదే ప్రయోగం చేస్తే కొందరికి అలాగే వచ్చింది, కొందరికి రాలేదు. దాంతో అమెరికా నౌకాదళ పరిశోధనా విభాగం అండతో అమెరికా, కెనడా, స్పెయిన్, స్వీడన్‌లలోని ఆరు ప్రయోగశాలలు ఒకే రకం పరికరాలతో, ఒకే పద్ధతిలో మళ్లీ చేశాయి. ఏ గుడ్డు క్షేత్రంలో ఉందో, ఏది లేదో పిండాన్ని పరీక్షించేవారికి తెలియనివ్వలేదు. ఈ జాగ్రత్త చాలా ముఖ్యం, ఎందుకంటే రెండు రోజుల పిండంలో లోపం ఉందా లేదా అన్నది చూసేవారి అంచనాపై ఆధారపడుతుంది.

1990లో ఫలితాలు వచ్చాయి. రెండు చోట్ల తేడా స్పష్టంగా కనిపించింది, మిగతా నాలుగు చోట్ల అంత కచ్చితంగా తేలలేదు. అన్నీ కలిపి లెక్కిస్తే క్షేత్రంలో ఉంచిన గుడ్లలో లోపాలున్న పిండాలు కొంత ఎక్కువే. కానీ ఒక ప్రయోగశాలకూ మరో ప్రయోగశాలకూ ఉన్న తేడా కూడా పెద్దదే. ఏ క్షేత్రమూ తగలని గుడ్లలోనూ కొన్ని పిండాలు వంకరగా ఎదుగుతాయి కదా. ఇంత శ్రమపడి, తేలనిదాన్ని తేలలేదనే చెప్పిన ఆ శాస్త్రవేత్తలంటే నాకు గౌరవం.

గుడ్డు వేరు, గర్భం వేరు. ఎలుకలపై జరిగిన పరీక్షలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సమీక్షించింది. 20 మిల్లీటెస్లా, అంటే 20,000 మైక్రోటెస్లా దాకా పెంచినా పిల్లల్లో పైకి కనిపించే పెద్ద లోపాలు గానీ, లోపలి అవయవాల లోపాలు గానీ తేలలేదు. ఎముకల్లో చిన్నచిన్న తేడాలు మాత్రం కొన్ని పరీక్షల్లో పెరిగాయి. అలాంటివి మామూలు ఎలుక పిల్లల్లోనూ కనిపిస్తుంటాయి.

మన ఇళ్లలో సాధారణంగా ఉండేది ఒక మైక్రోటెస్లాలోపే. మిక్సీ, మోటారు పక్కన ఎక్కువున్నా, ఒకటి రెండు అడుగులు జరిగితే బాగా తగ్గిపోతుంది. మనసు ఒప్పకపోతే, మీటరు బోర్డున్న గోడకు ఆనించిన మంచాన్ని ఆ కాస్త దూరం జరుపుకోవచ్చు.