నుదుట ఉప్పు

పొద్దున్న కిరండూల్ బండి మెయిన్ లైను వదిలి అరకు కొండల వైపు మళ్ళాక కొత్తవలస జంక్షన్‌లో ఎండ ముదురుతుంది. తొమ్మిదింటికే ప్లాట్‌ఫాం మీది ఇనుప బల్ల చురుక్కుమంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గానీ ఈ వైపు అసలు బాధ ఉక్క. సముద్రం దగ్గర కావడంతో గాలి నిండా తేమ. పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, చల్లబడలేదని ఒళ్ళు ఇంకా చెమటోడుస్తుంది. వేసవిలో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే వడగాడ్పుల హెచ్చరికల్లో ఈ వైపున్న విజయనగరం జిల్లా మండలాల పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి.

ఇలాంటి మధ్యాహ్నం ఆడి వచ్చిన పిల్లాడి చొక్కా విప్పి దండెం మీద వేస్తే, ఆరాక మెడపట్టీ దగ్గరా చంకల కిందా తెల్లటి చారలు తేలతాయి. "ఏటే పిల్లా, ఈడి సొక్కా మీద ఈ సున్నపు మరకలేటి?" అని మామ్మ అడిగితే తల్లికి ఎప్పటినుంచో తెలిసిన సంగతే గుర్తొస్తుంది. వాడి నుదుటిని ముద్దు పెట్టుకున్నప్పుడల్లా పెదాలకి ఉప్పు తగులుతుంది. చెమట ఎవరిదైనా ఉప్పనే, ఈ పిల్లాడిది మరీ ఉప్పన. దానికి తోడు తగ్గని దగ్గు, ఎంత తిన్నా పట్టని ఒళ్ళు, జిడ్డుగా తేలే విరేచనం కూడా ఉంటే పిల్లల డాక్టరు దగ్గర ఒక పేరు ఎత్తి అడగాలి: సిస్టిక్ ఫైబ్రోసిస్.

ఏడో క్రోమోజోమ్ మీద సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు ఉంది. 1989లో దాన్ని గుర్తించారు. ఒంట్లో ఉప్పుకి దారి విడిచే తలుపును తయారుచేయడం దాని పని. తల్లి నుంచి వచ్చిన ప్రతీ తండ్రి నుంచి వచ్చిన ప్రతీ రెండూ చెడితేనే జబ్బు వస్తుంది. చెరొక చెడ్డ ప్రతి మోస్తున్న తల్లిదండ్రులకి ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలున్న కుటుంబాల్లో ఒకే చెడ్డ ప్రతి రెండు వైపుల నుంచీ కలిసే వీలు ఎక్కువ. తల్లి చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, బిడ్డకి జబ్బంటే మన ఇళ్ళలో ముందు కోడలి వైపే చూస్తారు గనక.

చాలాకాలం దీన్ని తెల్లవాళ్ళ జబ్బనుకున్నారు. మన పిల్లల్లోనూ ఉందని ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎస్.కె. కాబ్రా వంటివారు ఏళ్ళ తరబడి చూపిస్తూ వచ్చారు. అయినా టీబీ అనీ, ఉబ్బసం అనీ, బలహీనత అనీ మందులు వాడుతూ ఏళ్ళు గడిపే పిల్లలున్నారు. నిర్ధారణకి చేసేది చెమట పరీక్ష. చేతి మీద మందు అద్ది, కొద్దిపాటి కరెంటుతో చెమట పట్టించి, అందులో క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకి 60 మిల్లీమోళ్ళు దాటితే అనుమానం బలపడినట్టే. సూది గుచ్చే పని లేదు.

ఈ పరీక్షకి దారి చూపింది కూడా ఒక వేసవే. 1948లో న్యూయార్క్‌లో ఎండలు మండిపోయాయి. వడదెబ్బతో అక్కడి ఒక ఆస్పత్రికి వచ్చిన పసివాళ్ళలో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ళే ఎక్కువగా కనిపించారు. ఈ జబ్బును 1938లో వివరంగా వర్ణించిన డొరతీ ఆండర్సన్ పనిచేసిన ఆస్పత్రి అది. అక్కడే ఉన్న పాల్ డి సాంటాగ్నీస్ వాళ్ళ చెమటనే పరీక్షకి పెట్టి, అందులో ఉప్పు విపరీతంగా ఉందని 1953లో ప్రకటించాడు. ఎందుకలా పోతోందో 1983లో పాల్ క్వింటన్ తేల్చాడు. ఆయనకీ ఇదే జబ్బు. చెమట గ్రంథి అడుగున ఊరేటప్పుడు చెమట నెత్తురంత ఉప్పగా ఉంటుంది. పైకి వచ్చే గొట్టంలో ఒళ్ళు ఆ ఉప్పును వెనక్కి లాక్కుంటుంది. వీళ్ళకి ఆ తలుపు తెరుచుకోదు కాబట్టి ఉప్పంతా చర్మం మీదికి వచ్చేస్తుంది. లీటరు చెమట పోస్తే ఇంచుమించు చిన్న చెంచాడు ఉప్పు పోయినట్టే.

తల్లిదండ్రులకి అన్నిటికన్నా ముందు తెలియవలసింది దాహం సంగతి. మనకి చెమట పట్టినప్పుడు ఉప్పు కన్నా నీళ్ళే ఎక్కువ పోతాయి, నెత్తురు చిక్కబడుతుంది, దాహం వేస్తుంది. ఈ పిల్లలకి నీళ్ళతో సమానంగా ఉప్పూ పోతుంది. నెత్తురులో ఉప్పు శాతం పెరగదు, మెదడుకి కబురు అందదు. ఒళ్ళు ఎండిపోతున్నా పిల్లాడు ఆడుతూనే ఉంటాడు. కెనడాలో ఓడెడ్ బార్-ఓర్ బృందం 1992లో ఇదే చూపించింది. తాగడం పిల్లలకే వదిలేస్తే, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ళు పోయినదానికి తగ్గట్టు తాగరు. అందుకని "దాహమేస్తే అడుగు నాన్నా" అంటే కుదరదు. ఆటకి ముందు ఒకసారి, ఆటలో ఇరవై నిమిషాలకోసారి పిలిచి తాగించాలి. అదీ ఉప్పు కలిపినదే. ఉత్త నీళ్ళు కడుపు నిండా పోస్తే, ఉన్న కాస్త ఉప్పూ పలచబడుతుంది.

ఈ విషయంలో మన వంటిల్లు ఆదుకుంటుంది. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, చోడంబలి, అన్నంలోకి ఆవకాయ, పక్కన అప్పడం, తినే ఇళ్ళలో ఎండుచేప. తాతకి బీపీ ఉండి ఇంట్లో ఉప్పు తగ్గించి వండుతుంటే పిల్లాడి కంచంలో విడిగా వేయక తప్పదు. ఒకే పొయ్యి మీద రెండు రకాల పథ్యం కష్టమే, అయినా ఆ ఇద్దరి ఒళ్ళూ అడిగేవి వేరు. పసిబిడ్డల విషయం ఇంకా సున్నితం. తల్లిపాలలో ఉప్పు చాలా తక్కువ, అందుకని ఈ జబ్బున్న శిశువుకి డాక్టర్లు కొలిచి మరీ ఉప్పు రాస్తారు. ఆ కొలత డాక్టరుదే కావాలి, ఊహ మీద వేయకూడదు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కొనేటప్పుడు అట్ట వెనక చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పొడిలో లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఆ పేరు తగిలించుకుని తియ్యటి డబ్బా పానీయాలు ఏళ్ళపాటు మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకాన్ని ఆపించింది. విరేచనాలైన ఏ పిల్లకైనా అవి చెరుపే. చెమటలో ఉప్పు కోల్పోయే పిల్లకి ఇంకా చెరుపు. సరైన ఓఆర్‌ఎస్‌లో ఉన్న ఉప్పు కూడా వీళ్ళ చెమటలో పోయేదానికి చాలదు కాబట్టి ఉప్పటి తిండి దానికి తోడు ఉండాల్సిందే.

ఇక ఈత. పిల్లాడు సెలవుల్లో చెరువు వైపు చూడకుండా ఎలా ఉంటాడు? ఈత వాడికి మంచిదే. గట్టిగా ఊపిరి తీసి వదిలే ఏ ఆటైనా ఈ జబ్బులో ఊపిరితిత్తుల్లో జిగురులా పట్టే కఫాన్ని కదిలిస్తుంది. ఏ నీళ్ళలో అన్నదే ప్రశ్న.

ఎండాకాలం అడుగంటిన చెరువు, పారకుండా మడుగు కట్టిన గెడ్డ, క్వారీ గుంత - ఇవి వద్దు. మునిగిపోయే భయం అందరు పిల్లలకీ ఉన్నదే. వీళ్ళకి సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి భయం అదనం. నిలవ నీటిలో బతికే ఈ జీవి వీళ్ళ ఊపిరితిత్తుల్లో ఒకసారి గూడు కడితే వదిలించడం చాలా కష్టం. తొలకరి పడ్డాక వరి మడుల బురదలో మెలియాయిడోసిస్ తెచ్చే క్రిమి కూడా ఉండవచ్చు. విశాఖలో ఈత కొలనుకి తీసుకెళ్ళే వీలుంటే, క్లోరిన్ రోజూ కొలుస్తారా అని అడగండి. అడుగు స్పష్టంగా కనిపించని కొలనులో దింపవద్దు. రిసార్టుల్లో వేడినీళ్ళ తొట్టెలకి దూరంగా ఉంచండి, ఆ వెచ్చదనంలో సూడోమోనాస్ ఇట్టే పెరుగుతుంది.

మరి సముద్రం? ఇక్కడ మనసుకి ఊరటనిచ్చే కబురు ఒకటుంది. అలల మీద సర్ఫింగ్ చేసే తమ రోగుల ఊపిరితిత్తులు మెరుగ్గా ఉన్నాయని ఆస్ట్రేలియా డాక్టర్లు గమనించారు. ఉప్పు తుంపర కఫాన్ని పలచన చేస్తోందేమో అన్న ఆలోచన అలా బలపడింది. 7 శాతం ఉప్పునీటిని నెబ్యులైజర్‌తో పీలిస్తే మేలు జరుగుతుందని 2006లో అక్కడి పరీక్ష తేల్చింది. ఇప్పుడది ఈ జబ్బు చికిత్సలో భాగం. అందుకని భీమిలి తీరానికి వెళ్ళే ఆదివారం మీద ఆంక్ష పెట్టనక్కర్లేదు. గోస్తనీ నది కలిసే చోటు తప్పించండి, అక్కడ ప్రవాహం నమ్మదగ్గది కాదు, ఊళ్ళ మురుగూ చేరుతుంది. పెద్దల చేయి అందేంత దూరంలో, మోకాలి లోతులో, ఎండ తగ్గాక. నీళ్ళలో ఉన్నా చెమట పడుతుంది, తెలియదంతే. గట్టుకి రాగానే ఉప్పు మజ్జిగ పట్టండి. సముద్రపు నీళ్ళు మింగితే ఆ లోటు తీరదు, వాంతి వస్తుంది.

సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ మందులు వాడుతున్న పిల్లలకి ఎండ తగిలితే చర్మం తేలిగ్గా కమిలిపోతుంది, పొడుగు చేతుల చొక్కా వేయండి. తిన్నది అరగడానికి అన్నంతో ఇచ్చే ఎంజైమ్ క్యాప్సూళ్ళు వేడికి పాడవుతాయి, వాటిని బండి డిక్కీలోనూ పొయ్యి పక్కనా ఉంచవద్దు. తడిసి బూజు పట్టిన గడ్డివాములో దూకి ఆడుకోవడం ఈ పిల్లలకి తగదు, ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇంకొకటి చెప్పడానికి నాకే బాధగా ఉంది. ఇదే జబ్బున్న వేరే ఇంటి పిల్లాడితో కలిసి ఈతకి పంపకూడదు, ఇద్దరి మధ్యా కనీసం 6 అడుగుల దూరం ఉండాలి. ఒకరి క్రిమి ఇంకొకరికి ప్రాణాంతకం కావచ్చు. అమెరికాలో ఈ పిల్లల కోసం నడిచిన వేసవి శిబిరాలు 1990లలో మూతపడ్డది అందుకే. తన బాధ తెలిసిన ఒకే ఒక్క నేస్తానికి దూరంగా కూర్చోవాలని ఏడేళ్ళ వాడికి ఎలా చెప్పడం? అమ్మానాన్నలు ఫోన్లో వాళ్ళిద్దరినీ మాట్లాడుకోనివ్వాలి, రోజూ.

పిల్లాడు డీలాపడి, తలనొప్పి అని, కాళ్ళు పట్టేస్తున్నాయని, వాంతి చేసుకుని పడుకుంటే వడదెబ్బే అనుకుని తడిగుడ్డ కప్పి ఊరుకోవద్దు. అది ఒంట్లో ఉప్పు పడిపోవడం కావచ్చు, జ్వరం లేకపోవచ్చు. పసిబిడ్డయితే పాలు తాగడం మానేస్తుంది. కొత్తవలస నుంచి విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి గంట ప్రయాణం. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఈ జబ్బును ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. అందుకని మూడు చీటీలు ముందే రాసి ఉంచండి: "సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది. చెమటలో ఉప్పు పోతుంది. సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ వెంటనే చూడండి." కింద పిల్లాడిని చూసే డాక్టరు ఫోను నంబరు. ఒకటి అమ్మ పర్సులో, ఒకటి బడి సంచిలో, ఒకటి సెలవులకి వెళ్ళే అమ్మమ్మగారింట్లో క్యాలెండరు మేకుకి.