హాట్‌స్పాట్ కలిసింది, నెట్ ఎందుకు రాదు?

ల్యాప్‌టాప్ తెర మూలన ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అని కనిపించగానే చాలామంది చేసే పని ఒకటే: ఫోనులో హాట్‌స్పాట్ ఆపి మళ్లీ వేయడం. ఒక్కోసారి పని జరుగుతుంది. జరగనప్పుడు ఇంకోసారి ఆపి వేస్తారు. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి గంటలోనో, ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కాస్త ముందో ఇలా జరిగితే ఆ కంగారు ఇంతా అంతా కాదు. నిజానికి తెర మీది ఆ మాటే దోషం ఎక్కడుందో సగం చెప్పేసింది. ల్యాప్‌టాప్‌కీ ఫోనుకీ మధ్య రేడియో కలిసింది, ఆ తర్వాత ఎక్కడో తెగింది. హాట్‌స్పాట్ అని మనం ఒక్క మీట నొక్కి వేసేది వేర్వేరు దేశాల్లో, వేర్వేరు దశాబ్దాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన నాలుగైదు ఆవిష్కరణల ఉమ్మడి పని. వాటిలో ఏది మొరాయించిందో పట్టుకోవాలంటే ఒక్కొక్కటీ ఎందుకు పుట్టిందో తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా ముందు ఫోనునే అడగాలి. వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఫోనులోనే ఒక కొత్త పేజీ తెరిచి చూడండి. రోజుకు ఇన్ని జీబీలు అని ఇచ్చే ప్లాన్లలో ఆ రోజు కోటా అయిపోతే వేగం చాలాసార్లు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తుంటాయి కాబట్టి నెట్ ఉన్నట్టే అనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క పేజీ కూడా కదలదు. ఆండ్రాయిడ్‌లో డేటా సేవర్ వేసి ఉంటే హాట్‌స్పాట్ అసలు పనిచేయదు. ఇంకో సంగతి, ‘నో ఇంటర్నెట్’ అన్న తీర్పు విండోస్ సొంతంగా ఇచ్చేది. మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న ఫైలు తెచ్చుకోబోయి, అది రాకపోతే నెట్ లేదని రాసేస్తుంది. అందుకే ఆ మాట కనిపిస్తున్నా కొన్నిసార్లు పేజీలు తెరుచుకుంటూనే ఉంటాయి.

ఇక రేడియో. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలుపుతూ అలోహానెట్‌ను నడిపింది. సమాచారాన్ని చిన్న ప్యాకెట్లుగా గాలిలోకి వదలడం, రెండు ఢీకొంటే కాసేపు ఆగి మళ్లీ పంపడం అక్కడ మొదలైన పద్ధతే. 1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, మైక్రోవేవ్ ఓవెన్ల వంటి పరికరాలకు వదిలేసిన పౌనఃపున్యాల్లో లైసెన్సు లేకుండానే సమాచారం పంపుకోవచ్చని అనుమతించింది. నెదర్లాండ్స్‌లో ఎన్‌సీఆర్ సంస్థలో పనిచేసిన విక్ హేస్ సారథ్యంలో 1997లో 802.11 ప్రమాణం వచ్చింది. అప్పటి వేగం సెకనుకు 2 మెగాబిట్లు. రెండేళ్లకు వచ్చిన 802.11బీతో అది 11 అయింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగం 2018లోనూ లైసెన్సు అక్కర్లేని జాబితాలోకి వచ్చాయి.

ఈ రెండు పట్టీల మధ్యే మొదటి రకం తగాదా వస్తుంది. ఫోను 5 గిగాహెర్ట్జ్‌లో హాట్‌స్పాట్ వేస్తే పాత ల్యాప్‌టాప్‌కి ఆ పేరే కనిపించదు. ఆండ్రాయిడ్‌లో బ్యాండ్‌ను 2.4కి మార్చాలి, ఐఫోన్‌లో ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ వేయాలి. రేడియో దోషమా కాదా అని తేల్చే పరీక్ష ఒకటుంది. ఛార్జింగ్ కేబుల్‌తో ఫోనును ల్యాప్‌టాప్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ వేసి చూడటం. డేటా కూడా మోసే కేబుల్ అయి ఉండాలి, ఛార్జింగ్ ఒక్కటే చేసే చౌక కేబుళ్లు పనికిరావు. కేబుల్ మీద నెట్ వస్తే దోషం వైఫైలోనో దాని సెట్టింగుల్లోనో ఉన్నట్టు. రాకపోతే వైఫై జోలికి పోనక్కర్లేదు. వెతకాల్సిన చోటు ఒక్క దెబ్బకు సగానికి తగ్గుతుంది గనుక, రీస్టార్ట్ కన్నా ముందు చేయాల్సిన పని ఇదేనని నా నమ్మకం.

రేడియో కలిశాక ల్యాప్‌టాప్‌కి ఒక చిరునామా కావాలి. ఒకప్పుడు ప్రతి కంప్యూటర్ ఐపీ చిరునామానూ ఎవరో ఒకరు కూర్చుని చేత్తో నింపేవారు. ఆ చాకిరీ తీర్చడానికి రాల్ఫ్ డ్రోమ్స్ 1993లో డీహెచ్‌సీపీ పద్ధతిని ప్రమాణంగా రాశారు. అడిగినవారికి ఖాళీగా ఉన్న చిరునామా ఒకటి కొంత గడువుకి ఇవ్వడం, గడువు తీరాక వెనక్కి తీసుకోవడం దాని పని. హాట్‌స్పాట్ వేసిన ఫోను ఈ పని కూడా తానే చేస్తుంది. చాలా ఏళ్లపాటు ఆండ్రాయిడ్ ఫోన్లలో దీన్ని చేసింది బ్రిటన్‌కు చెందిన సైమన్ కెల్లీ రాసిన డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం. ఆయన పేరు బయట ఎవరికీ తెలియదు, ఆయన రాసిన కోడ్ మాత్రం కోట్ల జేబుల్లో తిరిగింది.

ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వివరాల్లో ఐపీ చిరునామా ఏముందో చూడండి. 192.168తో మొదలైతే ఆండ్రాయిడ్ ఫోను చిరునామా ఇచ్చినట్టు. ఐఫోన్ అయితే 172.20.10తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే ఎవరూ చిరునామా ఇవ్వలేదని, ల్యాప్‌టాప్ తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు హాట్‌స్పాట్ ఆపి వేయడం, ల్యాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్‌ను ‘ఫర్గెట్’ కొట్టి మళ్లీ కలవడం సరైన మందు. ఆఫీసులోనో కాలేజీలోనో ఎప్పుడో చేత్తో పెట్టిన ఐపీ, డీఎన్ఎస్, ప్రాక్సీ వివరాలు అలాగే ఉండిపోయినా నెట్ రాదు. కొత్త వైఫై దొరికినా ల్యాప్‌టాప్ పాత చిరునామానే పట్టుకుని కూర్చుంటుంది. పేజీలు రాకున్నా 8.8.8.8 అనే చిరునామాకి పింగ్ (జవాబు కోరే చిన్న సందేశం) పంపితే జవాబు వస్తోందంటే దారి బాగున్నట్టే, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే పనిచేయడం లేదు. ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌గా 8.8.8.8 లేదా 1.1.1.1 ఇస్తే సరిపోతుంది.

ఈ యంత్రానికి గుండెకాయ లాంటిది తర్వాతిది. ఐపీవీ4 అనే పాత పద్ధతిలో ఆపరేటర్ ఫోనుకి ఇచ్చేది ఒక్క చిరునామా. దాని మీద ల్యాప్‌టాప్, టీవీ, ఇంకో ఫోను ఎలా బతుకుతున్నాయి? ఐపీవీ4లో ఉన్నవి మొత్తం 429 కోట్ల చిరునామాలు. 1990ల మొదట్లోనే ఇవి చాలవని ఇంజనీర్లకు తెలిసిపోయింది. 1994 మేలో కెల్డ్ ఈగవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, అంటే నాట్ పద్ధతిని ప్రతిపాదించారు. హాస్టల్ చిరునామాకి వచ్చే ఉత్తరాలన్నీ ముందు వార్డెన్ చేతికే వస్తాయి, ఏది ఏ గదికో ఆయన రిజిస్టరు చూసి పంచుతాడు. ఫోను చేసేదీ అంతే. ల్యాప్‌టాప్ నుంచి వెళ్లే ప్రతి ప్యాకెట్ మీది చిరునామా కొట్టేసి తన చిరునామా వేస్తుంది, ఏ పోర్ట్ నంబరు ఎవరిదో పట్టికలో రాసుకుంటుంది, జవాబు వచ్చినప్పుడు పట్టిక చూసి తిరగరాస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఈ పట్టిక నడిపేది లినక్స్‌లోని నెట్‌ఫిల్టర్. ఆస్ట్రేలియాకు చెందిన రస్టీ రసెల్ మొదలుపెట్టిన ఆ కోడ్ 2001లో లినక్స్ 2.4తో వచ్చింది.

నాట్‌ను రాసినవాళ్లే దాన్ని తాత్కాలిక ఉపశమనం అన్నారు. పెద్ద చిరునామాలున్న కొత్త పద్ధతి వచ్చేదాకా కాలం గడిపితే చాలనుకున్నారు. ముప్పై ఏళ్లు దాటింది, ఇంటి రౌటర్లు, కాలేజీ ల్యాబులు, హాట్‌స్పాట్లు ఇంకా దాని మీదే నిలబడి ఉన్నాయి. రీస్టార్ట్ పనిచేసే సందర్భాలకు కారణం కూడా ఇక్కడే ఉంది. ఆపి వేసినప్పుడు ఈ పట్టికా, చిరునామాల పంపకమూ మొదటి నుంచి కొత్తగా తయారవుతాయి. చిక్కుపడినది ఇవి రెండే అయితే విడిపోతుంది. దోషం ఆపరేటర్ సెట్టింగులో ఉంటే రోజంతా రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు.

ఇవన్నీ ఫోనులోకి చేరింది 2008 ప్రాంతంలో. ఫిన్లాండ్‌కు చెందిన జోయికూసాఫ్ట్ సంస్థ నోకియా సింబియన్ ఫోన్ల కోసం జోయికూస్పాట్ అనే యాప్ తెచ్చింది. 2009లో నోవాటెల్ సంస్థ మైఫై పేరుతో ఆ ఒక్క పనే చేసే అరచేతి పరికరం అమ్మింది. 2010 మేలో గూగుల్ ప్రకటించిన ఆండ్రాయిడ్ 2.2 ఫ్రోయోలోనూ, 2011 మార్చిలో ఐఓఎస్ 4.3లోనూ హాట్‌స్పాట్ ఫోనులో భాగమైపోయింది.

ఆపరేటర్లకు ఇది నచ్చలేదు. ఫోను తెర మీద ఖర్చయ్యే డేటాను లెక్కగట్టి ప్లాన్లు వేసుకున్నారు, ల్యాప్‌టాప్ దానికి ఎన్నో రెట్లు తాగుతుంది. ఎవరు పంచుతున్నారో కనిపెట్టే మార్గాలు వెతికారు. ప్రతి ప్యాకెట్‌లో టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది, దారిలో ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. ఆండ్రాయిడ్ ఫోను నుంచి బయల్దేరే ప్యాకెట్‌లో అది 64. విండోస్ ల్యాప్‌టాప్‌లో 128తో బయల్దేరింది ఫోను దాటేసరికి 127 అవుతుంది. 64 రావాల్సిన చోట 127 వస్తే వెనక ఇంకో యంత్రం ఉందని తెలిసిపోతుంది. అమెరికాలో వెరైజాన్ టెథరింగ్ యాప్‌లు జనానికి అందకుండా చేసిందన్న ఫిర్యాదు మీద ఎఫ్‌సీసీ విచారణ జరిపింది, 2012లో ఆ సంస్థ 12.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. డబ్బు కట్టి కొన్న డేటాను ఏ తెర మీద వాడుకోవాలో కొన్నవాళ్లే నిర్ణయించుకోవాలి. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఆ తగాదా గుర్తు ఒకటి మన ఫోన్లలో ఇప్పటికీ ఉంది, చాలామందిని ఏడిపించేది అదే. నోకియా ఫోనును డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి *99# డయల్ చేసి జీపీఆర్ఎస్ వాడినవాళ్లకు డయలప్ నెట్‌వర్కింగ్ గుర్తుండే ఉంటుంది. దాని పొట్టి పేరు డన్. ఆపరేటర్ కోరితే, పంచే డేటాకు ఫోను డన్ రకం యాక్సెస్ పాయింట్ (ఏపీఎన్)తో వేరే కనెక్షన్ తెరవాల్సి వస్తుంది. సిమ్ మార్చినప్పుడో, విదేశంలో కొన్న ఫోను ఇక్కడ వాడుతున్నప్పుడో ఆ ఏపీఎన్ సరిగ్గా లేకపోతే ఫోనులో యూట్యూబ్ హాయిగా నడుస్తుంది, ల్యాప్‌టాప్‌కి చుక్క నెట్ రాదు. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ నేమ్స్’ తెరిచి ముందు ‘రీసెట్ టు డిఫాల్ట్’ కొట్టాలి. అప్పటికీ కుదరకపోతే ‘ఏపీఎన్ టైప్’లో ఉన్నదాని పక్కన కామా పెట్టి ఇంగ్లిషులో డన్ (dun) అని చేర్చాలి.

చివరి అంకం ఐపీవీ6ది. నాట్ పుట్టినప్పుడు ఎదురుచూసిన ఆ పెద్ద చిరునామాల పద్ధతి ఇదే. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ భాండారంలో ఐపీవీ4 చిరునామాలు అడుగంటాయి. 2016 సెప్టెంబరులో సేవలు మొదలుపెట్టిన జియో తన నెట్‌వర్క్‌ను మొదటినుంచీ ఐపీవీ6 మీద కట్టుకుంది. అలాంటి నెట్‌వర్కుల్లో పాత ఐపీవీ4 సైట్లు తెరవడానికి 464ఎక్స్‌లాట్ అనే దుబాసీ పద్ధతి ఉంది, దాని ఒక కొస ఫోనులోనే నడుస్తుంది. ఆ కొస తెగితే వింత లక్షణం కనిపిస్తుంది: ల్యాప్‌టాప్‌లో గూగుల్, యూట్యూబ్, వికీపీడియా తెరుచుకుంటాయి, మరికొన్ని సైట్లు ఎంతకీ రావు. తెరుచుకున్నవి ఐపీవీ6 ఉన్నవి, రానివి లేనివి. ఏపీఎన్ ప్రోటోకాల్‌ను ‘ఐపీవీ4/ఐపీవీ6’కి మార్చి ఫోను రీస్టార్ట్ చేయాలి.

ఇంకో మొండి లక్షణం, పేజీ మొదలై సగంలో ఆగిపోవడం. ఐపీవీ4 ప్యాకెట్‌ను ఐపీవీ6గా మార్చినప్పుడు తల భాగం 20 బైట్లు పెరుగుతుంది. 1500 బైట్ల నిండు ప్యాకెట్‌కి ఆ 20 కలిస్తే కొన్ని దారుల్లో పట్టదు. పట్టలేదని వెనక్కి చెప్పే సందేశాన్ని మధ్యలో ఏదో ఫైర్‌వాల్ ఆపేస్తే, చిన్న ప్యాకెట్లు వెళ్తూనే ఉంటాయి, పెద్దవి మాయమవుతుంటాయి. ముక్కలు చేయొద్దనే షరతుతో 1472 బైట్ల పింగ్ పంపి చూస్తే తెలిసిపోతుంది. అది ఆగిపోయి 1372 వెళ్తే ల్యాప్‌టాప్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) విలువను 1400కి దించాలి. అదీ చాలకపోతే ఐపీవీ6 ఒప్పుకునే కనిష్ఠం 1280. అప్పటికీ పేజీలు రాకపోతే ఇంకో ఆపరేటర్ సిమ్ వేసి చూడటమే మిగిలింది.