గ్రంథాలయములకు దొరికిన స్వేచ్ఛాసాధనము

2000 సంవత్సరపు తేదీని గుర్తింపజాలని పాత కంప్యూటరు వ్యవస్థతో చిక్కుపడిన న్యూజీలాండులోని హోరోఫెనువా గ్రంథాలయ సంస్థ, 1999లో కటిపో అను కంపెనీచేత క్రొత్త సాఫ్ట్‌వేరును వ్రాయించుకొని, దానిని తన సొత్తుగా దాచుకొనక, ఎవరైనను ఉచితముగా గ్రహించి, మార్చి, వాడుకొనవచ్చునని లోకమునకు విడిచిపెట్టుట గ్రంథాలయ చరిత్రలో ఎన్నదగిన ఔదార్యము. అదియే నేడు దేశదేశముల గ్రంథాలయములలో పనిచేయుచున్న 'కోహా'.

సభ్యుల ఖాతాలు, పుస్తకముల ఇచ్చిపుచ్చుకొనుట, గడువు మీరినవానికి జరిమానా, పత్రికల చందాలు, అన్నియు అందులోనే జరుగును. నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది మాత్రము సూచీకరణ సౌకర్యము. క్రొత్త పుస్తకము చేతికి రాగానే గ్రంథపాలకుడు వెనుక అట్టపైనున్న ఐఎస్‌బీఎన్ సంఖ్యను టైపుచేసి, జడ్ 39.50 అను ప్రమాణపద్ధతి ద్వారా ఇతర మహాగ్రంథాలయముల జాబితాలను వెదకినచో, కర్త పేరు, ప్రచురణకర్త, ముద్రణవత్సరము, విషయవిభాగము మొదలగు వివరములు కంప్యూటరు చదువగల 'మార్క్' అను సూచీ రూపమున ఉన్నవి ఉన్నట్లుగా తెరపైకి వచ్చును.

అయితే విదేశీ జాబితాలలో తెలుగు పుస్తకముల పేర్లు తరచుగా రోమన్ లిపిలోనే యుండును గనుక, వానిని యూనికోడు తెలుగులో మన గ్రంథపాలకుడే చేర్చవలయును. ఆ శ్రమకు వెనుదీయరాదు, ఏలయన, అట్లు చేర్చనిచో తెలుగులో వెదకు పాఠకునికి ఆ పుస్తకము బీరువాలో ఉండియు లేనట్లే. సాఫ్ట్‌వేరు ఉచితమే యైనను సర్వరునకు, నిత్యము బ్యాకప్ తీయు మనిషికి వ్యయము తప్పదు. ఆ పద్దును బడ్జెటులో ముందే వ్రాసికొనుట మేలు.